ఫిర్యాదు రాని ల్యాప్‌టాప్

కరోనా సద్దుమణిగినంక వచ్చిన రెండో యాసంగిలో, పసుపు తవ్వకాలు ఇంకా మొదలుకాకముందు, నిజామాబాద్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకొక పని అప్పగించిండ్రు. ఫోన్ల కోసం చేసిన యాప్‌ను ల్యాప్‌టాప్‌ల మీద నడిపించాలె. అప్పటికి నా హోదా టెస్టింగ్ లీడ్. డెవలపర్లు రాసిన యాప్ జనం చేతికి పోయేముందు దాన్ని అన్ని తీర్ల సతాయించి చూసే బృందానికి నేను పెద్ద. నేను సరే అంటే తప్ప ఏ వెర్షనూ గడప దాటొద్దన్నది కంపెనీ నియమం. అందుకే ఆఫీసులో చాలమందికి నేనంటే భయం, కొందరికి కోపం, రఫీక్‌కు మాత్రం నవ్వు.

రఫీక్ మా సీనియర్ డెవలపర్. బోధన్ మనిషి, వాళ్లింట్ల తాతల కాలం నుంచి గడియారాల రిపేరు. ఆ ఓపిక ఇతనికీ వచ్చింది. నేను తప్పు పట్టుకొని గయ్యిమంటే, తలకాయ ఊపి, "అచ్ఛా వనజక్కా, ఇంకేం దొరికినయి?" అని అడిగేటోడు. అటువంటి మనిషి మీద ఎంతసేపు కోపం చేస్తం?

ఆ యాప్ ఒక యంత్రాల కంపెనీది. పసుపు తవ్వినంక పచ్చి కొమ్ములను ఎక్కువ రోజులు కుప్పల ఉంచరాదు, ఉడకబెట్టి ఎండబొయ్యాలె. ఇప్పుడు ఆ ఉడకబెట్టుడు ట్రాక్టర్ వెనుక కట్టుకొని ఊరూరు తిరిగే ఆవిరి బాయిలర్లతోని అవుతది. రైతు యాప్‌లో వంతు పెట్టుకుంటే, ఆ ఊరికి దగ్గరున్న యార్డు నుంచి బాయిలర్ బయలుదేరుతది. ఆ కంపెనీకి రెండు యార్డులు. ఒకటి నిజామాబాద్‌ల, ఇంకొకటి గోదావరి అవతల మహారాష్ట్రల. అందుకే యాప్‌ల తెలుగు, మరాఠీ రెండు భాషలూ ఉండె, ఊరును బట్టి మారేటియి.

ఫోన్ల మీద యాప్ మంచిగ నడుస్తుండె. కాని పెద్ద ఫోన్లు లేని రైతులు చాలమంది. వాళ్ల కోసం యంత్రాల కంపెనీవాళ్లు ఊర్లల్లోని సర్వీస్ సెంటర్లకు చిన్న ల్యాప్‌టాప్‌లు ఇచ్చిండ్రు. అవి ఫోన్ యాప్‌లను కూడా నడిపే రకం. తీరా చూస్తే, యాప్‌లు దొరికే స్టోర్ తెరిచి ఎంత వెతికినా మా యాప్ అందులో లేనే లేదు.

దీనికి కారణం తెలియనివాళ్లకు చెప్పాలె. ప్రతి యాప్‌లో మానిఫెస్ట్ అని ఒక ఫైలు ఉంటది. నాకు ఫలానా ఫలానా భాగాలు ఉన్న పరికరమే కావాలె అని యాప్ అందులో చెప్పుకుంటది. మా యాప్ మూడు అడిగింది: ఎక్కడున్నమో చెప్పే జీపీఎస్, కుప్ప ఫొటో తీయనీకె వెనుక కెమెరా, డ్రైవర్‌కు ఫోన్ చేయనీకె సిమ్. ల్యాప్‌టాప్‌కు ఈ మూడింట్ల ఒక్కటీ లేదు. అడిగినవి లేని పరికరానికి స్టోర్ ఆ యాప్‌ను చూపించనే చూపించదు. ఇంకో తిరకాసు కూడా ఉన్నది. మానిఫెస్ట్‌లో కెమెరా తప్పనిసరి అని రాయకున్నా, కెమెరా వాడుకోనీకె అనుమతి అడిగితే చాలు, అది తప్పనిసరి అనే స్టోర్ లెక్కగడుతది. కాబట్టి ప్రతి భాగం పక్కన "ఉంటే మంచిది, లేకున్నా నడుస్తది" అని విడిగా రాయాలె. రాసి ఊరుకుంటే సరిపోదు, లేనప్పుడు ఏం చెయ్యాలెనో కూడా యాప్‌కు నేర్పాలె.

రఫీక్ అన్నీ నేర్పిండు. వెనుక కెమెరా లేకుంటే ముందు కెమెరాతో తీసుడు, లేదంటే వేరే ఫోన్ల తీసిన ఫొటో ఎక్కిచ్చుడు. సిమ్ లేకుంటే యార్డు నంబర్ తెర మీద పెద్దగ చూపించుడు. జీపీఎస్ లేకుంటే ఇంటర్‌నెట్‌ను బట్టి ఊరు పోల్చుకునుడు. నిజామాబాద్‌ల చూసినం, బోధన్‌ల చూసినం, ఎక్కడ కూసుంటే ఆ ఊరే సరిగ్గ పోల్చుకున్నది. నేను సరే అన్న. తవ్వకాలు మొదలయ్యే నాటికి ల్యాప్‌టాప్‌లన్నింట్ల యాప్ ఎక్కింది.

ఇక సవిత గురించి చెప్పాలె. రెంజల్ దాటినంక, గోదావరి దిక్కున్న ఒక ఊర్ల ఆమె సర్వీస్ సెంటర్ నడుపుతది. ముప్పై దాటని పిల్ల. నన్ను మొదట మేడమ్ అన్నది, తర్వాత అక్కా అన్నది, చివరికి రెండూ కలిపి మేడమక్కా అనుడు మొదలువెట్టింది. సెంటర్లకు మేము అంతకుముందు చేసిచ్చిన వేరే యాప్‌ల మీద ఆమె చెయ్యని ఫిర్యాదు లేదు. రంగు కండ్లకు కొడుతున్నదంటది, బటన్ ఎడమ దిక్కు ఎందుకున్నదంటది, లోపలికి పోయినంక బయటికొచ్చే తొవ్వ లేదంటది. రఫీక్ ఆమె నంబర్ చూస్తే ఫోన్ నా చేతుల పెట్టి ఛాయ్‌కి పోయేటోడు. నాకు మాత్రం ఆ పిల్ల అంటే పానం. జీతం తీసుకునే నా టెస్టర్లు చూడనివి ఆమె ఉత్తపుణ్యానికి చూసి చెప్పేది.

తవ్వకాలు జోరు మీదున్నప్పుడు వారం మీటింగ్ జరిగింది. రెంజల్ దిక్కు సెంటర్ల నుంచి ఫిర్యాదులు సున్న అని చదివి మా డైరెక్టర్ సంబురపడ్డడు. సవిత కూడా ఏం అనలేదా అని అడిగిన. లేదన్నరు. అల్లా దయ అన్నడు రఫీక్. నాకు నమ్మబుద్ధి కాలే. గోడ మీది సున్నం రాలినా ఫోన్ చేసే మనిషి, కొత్త యాప్ ఇస్తే సప్పుడు చెయ్యదా? నేనే ఫోన్ చేసిన. అంతా మంచిగనే ఉన్నది మేడమక్కా అని మెల్లగ చెప్పి పెట్టేసింది. ఆ గొంతు నాకు నచ్చలే.

మరునాడు పొద్దుగాల నవీపేట్ మీదుగ రెంజల్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోల ఆ ఊరికి పోయిన. సెంటర్ అరుగు మీద ఒక ముసలామె కూసున్నది, చేతుల పచ్చి పసుపు కొమ్ము. పేరు గంగవ్వ. ఆమెకున్న తుకడా పొలంల పసుపే పంట, ఏడాదంతా ఆ పంట మీదనే బతుకు. పసుపు తవ్విచ్చి కుప్ప పోసి ఆకు కప్పింది. బాయిలర్ మాత్రం రాలే. ఊర్లె ఫోన్లున్న రైతుల కల్లాలకు బాయిలర్ వచ్చింది, పోయింది కూడా. సవిత దగ్గర పేరిచ్చినోళ్ల దగ్గరికే రాలేదు. సవిత వంతులు అమ్ముకుంటున్నదని చౌరస్తల అనుకుంటున్నరు. ఆ మాట ఆ పిల్లకు చేరింది. అందుకే గొంతు తగ్గింది. సెంటర్ మూసి తల్లిగారింటికి పోతనని ఇంట్ల చెప్పిందట. ఇవన్నీ గంగవ్వే నాకు చెప్పింది.

లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెరవమన్న. తెర మీద అక్షరాలు తెలుగువి కావు. యాప్ మొత్తం మరాఠీల ఉన్నది.

"ఇదెప్పటి సంది ఇట్లున్నది సవితా?"

"మొదటి సందీ గింతే, మేడమక్కా. ల్యాప్‌టాప్‌ల గిట్లనే వస్తదేమో అనుకున్న. నాకు మరాఠీ వస్తది గదా."

సవిత తల్లిగారిల్లు నది అవతల. ఆ దిక్కు ఊర్లల్ల సంతల బేరం ఒక భాషల మొదలై ఇంకో భాషల తెగుతది, ఏ భాషల మాట్లాడిండ్రో బేరమాడినోళ్లకే యాదికుండదు. తెలుగు యాప్ మరాఠీల వస్తే నిజామాబాద్‌ల ఎవరైనా ఆఫీసును నెత్తికెత్తేటోళ్లు. సవిత చదువుకున్నది, పని చేసుకున్నది. ఆమె ఫిర్యాదులన్నీ తనతోని కాని పనుల మీద. ఇది తనతోని అయ్యే పని. మరి బాయిలర్ రాకపోతే నాకెందుకు చెప్పలేదని కోపం చేసిన. బాయిలర్ సంగతి బాయిలరోళ్లను అడగాలె గాని మిమ్మల్నెట్ల అడుగుత అన్నది. అడిగింది కూడా. తెర మీది నంబర్‌కు ఎన్నిసార్లు చేసినా, ఏ ఊరని అడగకుంటనే "యేఈల్, తాయీ, యేఈల్" అన్నరట. వస్తదమ్మా, వస్తది అని. అవతలి యార్డు నంబర్ అది.

నేను రఫీక్‌కు ఫోన్ చేసి, జీపీఎస్ లేకుంటే నీ యాప్ ఊరు ఎట్ల పోల్చుకుంటున్నదో మళ్లొకసారి చెప్పు అన్న. చెప్తనే చెప్తనే తప్పు ఎక్కడున్నదో అతనికే దొరికింది. చుట్టుపక్కల వైఫైలు ఉంటే వాటిని బట్టి ఊరు పోల్చుకుంటది. నిజామాబాద్, బోధన్ బజార్లల్ల దుకాణానికొక వైఫై, అందుకే మేము చూసినప్పుడు సరిగ్గ పోల్చుకున్నది. ఈ ఊర్లె అవేం లేవు. ఉన్న ఒక్క ఇంటర్‌నెట్ తీగ నది అవతలి కేబుల్ ఆయన గుంజింది. తీగ ఎక్కడి నుంచి వస్తే మనిషీ అక్కడే ఉన్నడని యాప్ అనుకున్నది. మహారాష్ట్ర అనుకున్నది కాబట్టి మరాఠీ పెట్టింది, వంతులన్నీ అవతలి యార్డుకు పంపింది. యార్డువాళ్లు తమ దిక్కు లేని తెలుగు రైతుల పేర్లు చూసి, నిజామాబాద్‌ల మేము టెస్టింగ్ కోసం పంపిన ఉత్తుత్తి పేర్లనుకొని పక్కకు పెట్టిండ్రు.

రఫీక్ ఆ వంతులన్నీ కూసున్న కాడనే నిజామాబాద్ యార్డుకు మార్చిండు. నవీపేట్ దగ్గర పని అయిపోయి ఖాళీగున్న బాయిలర్ ఒకటి ఉంటే, యార్డోళ్లకు చెప్పి దాన్ని ఇటు మళ్లించిండు. మధ్యాహ్నానికి బాయిలర్ ట్రాక్టర్ ఊర్లెకొచ్చింది. దానికి ముందు బండి మీద, మొఖమంత దుమ్ముతోని, రఫీకే వచ్చిండు. మళ్లెక్కడన్న తప్పిపోతదేమో అని వెంబడి వచ్చిన అన్నడు. నాకు నవ్వొచ్చింది.

గంగవ్వ కుప్ప మీది ఆకు తీసినం. పైన పసుపు బాగనే ఉన్నది. అడుగుకు పోయేకొద్ది వేడి తగిలింది, వాసన మారింది, కొమ్ములు మెత్తబడ్డయి. ఆమె ఒక్కొక్కటి వొత్తి చూసి చెడినవి పక్కకేసింది. ఆ పక్క కుప్ప నేననుకున్నదాని కంటె పెద్దగనే అయ్యింది. మిగిలింది బాయిలర్‌కు ఎక్కింది. కల్లం కాడ ఊరోళ్లు గుమిగూడిండ్రు. వాళ్లందరికి వినవడేటట్టు, తప్పు మా యాప్‌ది, సవిత పేర్లు ఎక్కించిన వరుస ఎక్కించినట్టే ఉన్నదని చెప్పిన. ఆ వరుసల గంగవ్వ పేరే మొదటిది.  సవిత కొంగుతోని మొఖం తుడుచుకొని బాయిలర్‌వాళ్లకు నీళ్లు తేనీకె పోయింది.

గంగవ్వ రఫీక్ దిక్కు చూసింది. "నేను ఏ ఊరిదాన్నో మీ మిషన్‌కు ఎట్ల ఎరుక బిడ్డా?" అని అడిగింది.

పోల్చుకుంటది అవ్వా అని, వైఫై, తీగ, అన్నీ ఓపికగ చెప్పిండు రఫీక్. ఆమె అంతా విన్నది.

"నేను దాని ముంగటనే కూసున్న గద. ఏ ఊరవ్వా అని అడిగితె చెప్పకపోదునా?"

  ఆమె అడిగింది అంతకుముందు మా మీటింగుల ఎవ్వరం అడగలేదు. లేని జీపీఎస్‌కు బదులు ఏం పెట్టాలె అని గంటలు గంటలు మాట్లాడుకున్నం. ల్యాప్‌టాప్ ముందర నోరున్న మనిషి కూసుంటదన్న సంగతి మా లెక్కలకు రానే లేదు.

తర్వాతి వెర్షన్‌లో రఫీక్ మొదటి తెర మీద ఒకటే ప్రశ్న పెట్టిండు: "మీది ఏ ఊరు?" తెలుగుల, మరాఠీల, ఉర్దుల. ఊరు చెప్పినంకనే యార్డు. భాష వేరేగ అడుగుతది. నేను బృందానికి రెండు నియమాలు పెట్టిన. పరికరంల లేని భాగానికి బదులు మన ఊహను పెట్టొద్దు, ముందరున్న మనిషిని అడగాలె. రెండోది, ఫిర్యాదులు ఆగిపోయిన సెంటర్‌కు అందరి కంటె ముందు పోవాలె. రిటైరయ్యే దాక ఈ రెండూ చూడకుంట ఏ వెర్షన్‌కూ నేను సరే అనలే.

కొత్త వెర్షన్ ఎక్కిన మరునాడే సవిత ఫోన్ వచ్చింది. రఫీక్ నంబర్ చూసి అలవాటు ప్రకారం నా చేతుల పెట్టిండు, కాని ఛాయ్‌కి పోలేదు, పక్కనే నిలబడ్డడు. ఊర్ల పేర్లు సన్న అక్షరాలల్ల ఉన్నయట. గంగవ్వ తన ఊరు తానే చూసి ఒత్తుతనని కూసున్నదట, కనబడుతలేదని సవితను తిడుతున్నదట. సవిత గొంతు ఎప్పటిలెక్క ఖంగుమంటున్నది. అక్షరాలు పెద్దగ చెయ్యమని రఫీక్‌కు చెప్పిన.