గుండెకు కట్టిన పట్టీ

"...దువ్వెనెందుకంటాను! ఆ పిల్లకి నీ గుండె కనిపిస్తుంది గానీ నీ తల కనిపిస్తుందా?"

"ఊరుకోవే, ఫోనొచ్చే వేళయింది," అన్నాడు కండక్టరు, పాపిడి సరిచేసుకుంటూ.

బస్సు దిగి చాలాకాలమైనా వీధిలో అందరూ అతణ్ణి కండక్టరనే పిలుస్తారు. అతని భార్య టైలరక్క. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో కాపురం. గుండెపోటు వచ్చి తగ్గాక, ఆసుపత్రివాళ్ళు అతని ఛాతీకి పట్టీ కట్టి ఇంటికి పంపారు. పట్టీలోని బిళ్ళ గుండె వేగాన్ని కిటికీలోని తెల్లపెట్టెకు అందిస్తుంది. తీగ లేకుండానే పెట్టె దాన్ని ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడ తెర ముందు కూర్చున్న నర్సు రోజూ ఫోను చేస్తుంది.

"బాబాయ్ గారూ, నిద్ర పట్టిందా?"

"ఎక్కడమ్మా! కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని భయం."

మిషను మీద టైలరక్క కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున తను అడిగితే "బ్రహ్మాండంగా పట్టింది" అన్నాడు. ఇన్నేళ్ళూ అతని దగ్గు విని జ్వరమో కాదో చెప్పింది తను. పక్కన పడుకున్నదానికి తెలియని భయం, మొహమైనా చూడని పిల్లకు తెలిసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అతను పట్టీ విప్పి కుర్చీకి తగిలించి స్నానానికి వెళ్ళాడు. ఏం కనిపిస్తుందో ఆ మహాతల్లికి, చూద్దాం అనుకుని టైలరక్క దాన్ని తన రొమ్ముకు బిగించుకుంది. మిషను దగ్గర కూర్చుని కసిగా తొక్కింది.

కాసేపటికే అతని ఫోను మోగింది.

"బాబాయ్ గారూ, గుండె పరుగెడుతోంది! కూర్చోండి, అంబులెన్సు పంపుతున్నాను."

"ఆయన స్నానంలో ఉన్నాడు. ఆ గుండె నాది."

"మీకేమైంది పిన్నిగారూ?"

"కుళ్ళు."

నర్సు నవ్వలేదు. "ఆయన పట్టీ మీరు కట్టుకుంటే, అక్కడ ఆయనకేమైనా అయినా మాకు తెలియదండీ."

టైలరక్క స్నానాల గది తలుపు వైపు చూసింది. లోపల చెంబు చప్పుడు వినిపించాక పట్టీ విప్పి, నర్సుతో గొంతు తగ్గించి మాట్లాడింది.

కండక్టరు తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవరే ఫోనులో?"

"నీ నర్సు. నీ నంబరు తీయించి నాది రాయించాను. ఇకనించి నీ భయాలు నాకు చెప్పు. ఆమెకి నేను చెప్తాను."