గోల్ఫు పచ్చిక మీద స్నానాలు

మొన్న మా మనవడు ఆదిభట్లలో తాను పనిచేసే కంపెనీ ఆవరణ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, నడివేసవిలో అంత పచ్చగా ఉన్న గడ్డిని చూసి నాకు కాళ్ళు కదలలేదు. చెప్పులు విప్పి దాని మీద నిలబడితే, నలుగురూ చూస్తున్నారని వాడు నామోషీ పడ్డాడు. ఎండల్లో గడ్డిని బతికించడమంటే ఏమిటో వాడికేం తెలుసు?

మాది ఇబ్రహీంపట్నం పక్క పల్లె. పోలీసు చర్యకు ముందు వేసవి అది, నాకు పదహారో పదిహేడో. మా బాపు ఒక జాగీర్దారు బంగళాలో పెద్ద మాలి. జాగీర్దారు దోస్తులతో వచ్చి, కర్రతో బంతిని కొట్టి గుంతల్లో వేసే గోల్ఫు ఆడేవాడు. ఆ గుంతల చుట్టూ గరికను పచ్చగా ఉంచడం బాపు పని, అందులో తుంగ పీకడం నా పని. ఆ ఏడు చెరువు నెర్రెలు బారింది. రజాకార్ల భయం ఒకపక్క, జాగీర్దార్లకు ఎదురుతిరిగిన సంఘం కబుర్లు ఒకపక్క ఉన్నా, ఊరికి అసలు దిగులు నీళ్ళదే. చెరువులో తవ్విన చెలిమెల నీళ్ళు తాగడానికే చాలక, స్నానాల్లేని పసిపిల్లల ఒళ్ళంతా సెగగడ్డలు లేచాయి. బంగళా బావిలో మాత్రం నీళ్ళున్నాయి. అవి గడ్డికేనని, ఒక్క బిందె గేటు దాటినా, గడ్డి ఎండినా బాపు కొలువూ మేముండే గుడిసే రెండూ పోతాయని, జాగీర్దారు తరఫున అప్పుడప్పుడూ తనిఖీకి వచ్చే దారోగా హుకుం.

బాపు రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు పొద్దున్నే తల్లులను పిల్లలతో సహా లోపలికి పిలిచాడు. దాటకూడనిది నీళ్ళే గాని, లోపలికి రాకూడదని మనుషులకు ఎవరూ చెప్పలేదు కదా! రోజుకో గుంత వంతున, దాని చుట్టూ ఉన్న గరిక మీదే పిల్లలను కూర్చోబెట్టి నీళ్ళు పోయించాడు. పిల్లల కేకలతో ఆ మైదానం తిరునాళ్ళలా ఉండేది.

చెడగొట్టింది నేను. మా మేనత్త చీర ఉతుక్కుంటానంటే సరేనన్నాను. ఆమె సబ్బుకు బదులు చౌడు మట్టితో ఉతికింది, ఆ ఉప్పుకు నాలుగు రోజుల్లో అక్కడ చాపంత మేర గడ్డి మాడిపోయింది. బాపు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ మట్టి గీకేసి, వేరేచోట నుంచి గరిక పిలకలు తెచ్చి పిడికెడు పిడికెడు నాటి, తాటాకులు కప్పి, పంతం పట్టి నెల రోజులు కాశాను.

దారోగా వచ్చేసరికి పచ్చబడింది గాని, తడి మట్టిలో చిన్నచిన్న పాదాలు అతని కంటబడ్డాయి.  బాపు తల వంచలేదు.

"ఒక్క చుక్క బయటికి పోలే సాబ్. గడ్డికే పోసిన. జర పోరగాండ్ల మీదికెల్లి పోసిన, గంతే."

దారోగా గరికను చెప్పుకాలితో నొక్కి చూసి, ఎక్కడా ఎండలేదని తేల్చుకుని వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాక పోలీసు చర్య వచ్చింది. జాగీర్దారు వెళ్ళిపోయాడు, ఆటా లేదు, అడిగేవాడూ లేడు. ఆ మైదానంలో జొన్న వేద్దామన్నారు ఊరివాళ్ళు; మొదటి సాలు బాపే దున్నాడు. తలకిందులైన గరికను చేత్తో ఏరి గట్టు మీద పెడుతూ, కడుపు నింపే పనేనని తెలిసీ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇప్పుడక్కడ జొన్నా లేదు, ప్లాట్ల రాళ్ళున్నాయి. ఒంటి మీద పోసుకున్న నీళ్ళు జారి ఏ వేరుకు అందుతాయో చూసుకుని స్నానం చేసినవాళ్ళం, మా ఈడువాళ్ళలో ఇంకా ఎందరం మిగిలామో!