సగం తీయని తోడు

గడియారాలు బాగుచేసే ఆయన్ని మా వీధిలో అందరూ సెకన్ల ముల్లు అంటారు. సన్నటి మనిషి, చకచక నడక, ఆలస్యమంటే ఒంటికి పడదు.

ఆయన భార్య ఆదివారం ఆదివారం ఇంట్లోనే బ్రెడ్డు చేసేది. కొన్న ఈస్టు ముట్టుకునేది కాదు. పిండీ నీళ్లూ కలిపి పులియబెట్టి, గాజు సీసాలో పదిహేడేళ్లుగా బతికించుకొస్తున్న ముద్ద ఒకటుండేది. పాలల్లో వేసేదాన్ని తోడు అంటాం కదా, ఆవిడ దీన్నీ తోడే అనేది. వారానికోసారి సగం తీసేసి, మిగిలినదానికి అంతే కొత్త పిండీ నీళ్లూ పెట్టాలి. తీసిన సగం బ్రెడ్డుకో, అడిగినవాళ్లకో.

పోయేముందు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది: "తోడు చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. మొదటి ఆదివారం గరిటె పట్టుకుని నిలబడి, ఏ సగం తీయాలో తేల్చుకోలేకపోయాడు. ముద్దను కలిపినవి ఆవిడ వేళ్లు. ఏ సగంలో ఆవిడ ఎంతుందో కొలిచే పరికరం, కొట్లో అన్ని పరికరాలుండీ, ఆయన దగ్గర లేదు. అంచేత తీయకుండానే పెట్టాడు. ముద్ద రెట్టింపై రెండో సీసా వచ్చింది. మరుసటి వారం నాలుగు, ఆపైన ఎనిమిది, ఆపైన పదహారు. గణితానికి పరామర్శించే అలవాటు లేదు.

ఆదివారం పొద్దున పిండి పెడితే సీసాలన్నీ నెమ్మదిగా ఉబ్బేవి, సాయంత్రానికి కుంగేవి. ఎవరో నిదానంగా ఊపిరి పీల్చి వదులుతున్నట్టుండేది. మధ్యాహ్నం ఏదో ఒక మూత టప్‌మనేది. "ఆఁ, వస్తున్నా" అంటూ ఆయన లేచి వెళ్లేవాడు.

ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు సెలవు పెట్టి వచ్చింది. కూర్చుందామంటే సీసా లేని కుర్చీ కనపడలేదు.

"ఏంటి నాన్నా ఇవన్నీ?"

"మీ అమ్మ."

"పదహారు సీసాల్లోనా?"

"వచ్చే ఆదివారానికి ముప్పై రెండు."

"పోనీ బ్రెడ్డన్నా కాల్చొచ్చుగా!"

"కాలిస్తే చచ్చిపోతుంది కదమ్మా."

నవ్వబోయి ఆగిపోయింది కూతురు. "అసలు అమ్మ నీతో ఏమంది?"

"తోడు చూసుకోమంది."

"నాతోనూ అంది నాన్నా. మీ నాన్న ఒక్కడూ ఉండలేడే, ఎవరినైనా తోడు చూడవే అని. అమ్మ చెప్పింది ఈ పిండి సంగతి కాదు."

ఆయన సీసాలవైపు తిరిగాడు. "ఆ మాటేదో వివరంగా చెప్పి చావొచ్చుగా!" అన్నాడు. ఆవిడ ఆ రెండో పని చేసేసిందని అన్నాక గుర్తొచ్చింది. లోపల ఓ మూత టప్‌మంది. ఔనందో, కాదందో.

ఆదివారం పొద్దున్నే పక్కింటి కుట్టుమిషను ఆవిడ గుమ్మంలోకొచ్చింది. "అన్నయ్యగారూ, వదిన నాకు కాస్త తోడిస్తానందండీ, ఈలోగానే..." ఆయన ఓ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"మీరు వదిలితే కదండీ నేను పట్టుకునేది!"

వదిలాడు. "వారానికోసారి సగం తీసెయ్యాలి" అని, తానెన్నడూ చెయ్యని పనిని గంభీరంగా బోధించాడు. మధ్యాహ్నానికి పదిహేను సీసాలు పదిహేను ఇళ్లకు చేరాయి. ఒక్కటి మిగిలింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కానీ మరుసటి ఆదివారం ఆయన వీధిలోకి అడుగుపెట్టేసరికి ప్రతి కిటికీలోంచీ అదే పుల్లటి వాసన. అన్నాళ్లూ ఒక్క ఇంట్లో ఉన్నావిడ ఇప్పుడు వీధంతా ఉంది. తప్పించుకు తిరగడానికి సందు లేదు.

వెనక్కి వెళ్లి, కళ్లు మూసుకుని, మొదటిసారి సగం తీశాడు. గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాడు.

"దీన్ని కాల్చడం నేర్పుతావా అమ్మా? పొయ్యిలో పెట్టేటప్పుడు మాత్రం నేను అటు తిరిగి కూర్చుంటాను."

"రండి, కూర్చోండి."

వెనకాల, తన ఇంట్లో, మూత టప్‌మంది.

"ఆఁ, వస్తున్నా" అన్నాడాయన. అని పక్కింట్లోకే వెళ్లి కూర్చున్నాడు.