మణికట్టుకు సరిపడే మోటారు

పేల్చిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని మేం పారెయ్యం. మా ఊరు డునెడిన్‌లోని రైఫిల్ క్లబ్బులో దాన్ని కేస్ అంటారు. పేలిన ప్రతిసారీ అది కాస్త సాగుతుంది. మళ్లీ మందు నింపాలంటే మూతి దగ్గర పెరిగింది కత్తిరించి, అంచు లోపలా బయటా నున్నగా చెయ్యాలి. ఇదంతా నేను చేత్తో తిప్పే చిన్న మరమీద చేసుకునేదాన్ని. ఆ చలికాలం నా కుడి మణికట్టు ఎదురుతిరిగింది.

"ఇలాగే తిప్పుతూ పోతే రైఫిల్ పక్కన పెట్టాల్సి వస్తుంది," అంది డాక్టరు.

ఇంట్లో, ఆఫీసులో నన్ను ఏదో ఒకటి అడిగేవాళ్లే అందరూ. గురి ముందు బోర్లా పడుకున్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అదీ పోతుందేమోనని కుదురు తప్పింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గ్యారేజీలోకి వెళ్లి ఊరికే ఆ కేస్‌లు కెలికి వచ్చేదాన్ని. వసంతంలో పోటీలు.

మోటారుది కొందామన్నానో లేదో, సాఫ్ట్‌వేర్ మనిషి మా ఆయన రివ్యూలు చదవడానికి ఇంటర్నెట్ ముందు కూర్చున్నాడు. వారాలు గడిచినా లేవలేదు.

"నాలుగు తలలది తీసుకుందాం. నాలుగూ ఒకేసారి తిరుగుతాయి."

"అవి అంచులు గీకుతాయి, తుడుస్తాయి. కత్తిరించవు. నాకు నొప్పి వచ్చేది ఆ కత్తిరింపు దగ్గరే. మన మిక్సీకి అన్ని జార్లొచ్చాయి, చట్నీ జారు తప్ప ఏది వాడాం?"

"ప్రతిదానికీ వాదిస్తావు."

"నువ్వు కొంటే కదా నేను నోరు మూసుకునేది!"

ఎవరు ప్రయాణం పెట్టుకున్నా వాళ్ల సూట్‌కేసులో మన వస్తువొకటి దూర్చకపోతే మా ఇళ్లల్లో తోచదు. అమెరికా నుంచి మా మరిది చుట్టపుచూపుగా వస్తున్నాడని, ఈయన నాకు చెప్పకుండా ఆ నాలుగు తలలదే తెప్పించాడు.

"ఏమయ్యా, అక్కడి కరెంటు వేరు కదా?" అన్నాను మరిదితో.

"అడాప్టర్ తెచ్చాను వదినా. మీరు ఊరికే కంగారు పడకండి."

అడాప్టర్ ప్లగ్గు కాళ్లను మారుస్తుంది గానీ గోడలోని కరెంటును మార్చదని ఇద్దరు ఇంజినీర్లకూ తట్టలేదు. యంత్రం ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. గ్యారేజీ నిండా కాలిన వాసన.

"అక్కడ బాగానే తిరిగింది వదినా."

"అయితే అక్కడే తిప్పుకోవాల్సింది నాయనా."

"ఆగు, ఇంకోటి చూస్తాను," అన్నాడు మా ఆయన. ఆగే ఓపిక నాకు లేదు. కారు తీసుకుని ఒక్కదాన్నే తుపాకుల దుకాణానికి వెళ్లాను.

దుకాణదారుడు మోటారు బలం గురించి మొదలుపెట్టాడు. అది తర్వాత, ముందు కోసి చూడ్డానికి ఖాళీ కేస్‌లు ఇమ్మన్నాను. మొదటి యంత్రంలో కోసేది మోటారే, కానీ ప్రతి కేస్‌నూ బిగించడానికి పిడి తిప్పాలి. కాసేపటికే మణికట్టు సలిపింది. రెండోదాంట్లో కేస్‌ను వేళ్లతో పట్టుకుని తిన్నగా లోపలికి నెట్టడమే. కోతా, అంచు పనీ ఒకేసారి అయిపోతాయి. అతను గడియారం చూసుకునేదాకా నెడుతూనే ఉన్నాను. నొప్పి రాలేదు. అదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి బ్లేడు సరిచూసుకోకుండా నెట్టిన మొదటి కేస్ పొట్టిదైపోయింది. దాన్ని పారేసి, బ్లేడు సర్ది, మళ్లీ మొదలుపెట్టాను. కాసిని కేస్‌లు సరిగ్గా తెగాక క్లబ్బుకు ఫోన్ చేసి, వసంతపు పోటీలకు నా పేరు రాసుకోమన్నాను.

"చెయ్యి పూర్తిగా తగ్గాక చెప్పొచ్చు కదా?" అన్నాడు మా ఆయన, గుమ్మంలో నిలబడి.

"తగ్గేదాకా ఆగితే నువ్వు నాకో కొత్త చెయ్యి కోసం రివ్యూలు చదువుతావు," అని ఇంకో కేస్ అందుకున్నాను.