రాక్షసి కొప్పులోని పోగులు

నా మొదటి పుస్తకం వచ్చి నెల తిరగకముందే మా యారాలు నాతో మాట్లాడటం మానేసింది. యారాలంటే మా బావగారి భార్య. పోచంపల్లి పక్కనున్న మా ఊళ్లో ఒకే కప్పు కింద ముప్పై ఏళ్లు ఆమె, నేను పక్కపక్కన కూర్చుని ఆసు పోశాం. పట్టుపోగును మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పడమే ఆసు పోయడం. చెయ్యి ఆగకూడదు, కన్ను పక్కకు పోకూడదు. ఖాళీగా ఉండేది నోరొక్కటే. ఆ నోటితో నేను కథలు చెప్పేదాన్ని. అలిగి నేయనని మొండికేసే మగ్గాలు, ఇంద్రుడి ఏనుగును కిరాయికి అడిగే పిసినారులు. ఆమె నవ్వేది కాదు. "తర్వాత?" అనేది. ఆ ఒక్క మాట కోసమే కథ సాగేది.

నేను చదివింది నాలుగో తరగతి. అరవై దాటి, ఎల్బీ నగర్‌లో కొడుకు దగ్గరికి వచ్చాకే కథలు రాయడం మొదలుపెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర కోచింగ్ సెంటర్ల వాళ్లు కాగితాలు పంచుతారు. ఒకవైపే అచ్చు, రెండోవైపు తెల్లగా ఉంటుంది. జనం తీసుకుని పది అడుగులు వేసి పారేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమనేది. నేను అడిగి మరీ తీసుకునేదాన్ని.

"నీకెందుకమ్మా, బ్యాంకు పరీక్ష రాస్తవా?" అన్నాడు పంచే ఆయన.

"రాస్త. ఇంకో నాలుగియ్యి," అన్నాను.

ఆ కాగితాల వెనకే నా రాక్షసి పుట్టింది. మనవరాలు కంప్యూటర్‌లో కొట్టి పత్రికకు పంపింది. వాళ్లు వేసుకుని, ఇంకొకటి రాయమన్నారు. అట్లా కథలు పోగై పుస్తకమయ్యాయి.

ఆ రాక్షసి కొప్పు నిండా తెగిన పోగులే. ఒక్క ముక్క పారేయదు. పున్నమినాడు వెన్నెలంతా వృథాగా పోతోందని కడుపు మండి, బిందె చంకన పెట్టుకుంటుంది. పోగులన్నీ ముడేసి తాడు చేసి, చంద్రుడి మీదికి విసిరి ఎక్కుతుంది. సగం దారిలో ముడి జారి, ఎల్బీ నగర్ చౌరస్తాలో షేర్ ఆటో కప్పు మీద పడుతుంది. డ్రైవర్ తల బయటపెట్టి "పైన కూసున్నా కిరాయి గంతే" అంటాడు. అందరూ అక్కడే నవ్వేవారు.

పుస్తకం వేసినావిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన మనిషి. పుస్తకం విడుదల సభలో అడిగింది: "అమ్మగారూ, ఇంత పిసినారి రాక్షసి మీకెక్కడ దొరికిందండీ?"

"ఎక్కడిదో ఎందుకమ్మా, నేనే ఆ రాక్షసిని," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ రుచి మరిగి ప్రతిచోటా అదే చెప్పాను. పేపర్లోనూ వచ్చింది.

కానీ తెగిన పోగులు కొప్పులో దోపుకునేది నేను కాదు, మా యారాలు. ఆమె నొచ్చుకుంటుందనే అబద్ధమాడానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బతుకమ్మ నాడు కూడా ఎత్తలేదు. ఆమె అలిగాక కాగితం ముందు కూర్చుంటే నాకు ఒక్క వాక్యం తోచలేదు. నా కథలు ఎవరి చెవి కోసం పుట్టాయో అప్పుడు తెలిసింది.

చివరికి బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్‌లో ఆమె కూతురింటికి వెళ్లాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. తలెత్తలేదు.

"అక్కా, తప్పైంది. నిన్ను రాక్షసిని చేసిన."

"చేస్తే ఏమైతది? మనత్త అంతకన్న పెద్ద మాటలే అన్నది."

"మరి కోపమెందుకు?"

"గా పోగులు ఎవలయి?"

"నీయే."

"మరి నేనే, నేనే అని పేపర్ల చెప్పుకున్నవేంది? నీకు కొప్పెక్కడిది? ఎలుక తోకంత జడేసుకొని!"

ఆమె చిక్కుడుకాయ పక్కన పడేసింది.

"గదిగూడ పోనీ. ముడి జారిందని రాసినవు. ఇన్నేండ్లల్ల నేనేసిన ముడి ఒక్కటన్న జారిందా? చెప్పు. ఎవలింట్ల పోగు తెగినా నన్నే పిలిచెటోళ్లు. ఇప్పుడు నా మనుమరాండ్లే చదివి నవ్వుతున్నరు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏమీ కనబడలేదు. అగ్గిపుల్ల కూడా దండగ చేయనని పేరున్నదాన్ని. ఇంకొకరు జన్మంతా కూడబెట్టుకున్న పనితనాన్ని ఒక్క నవ్వు కోసం పారేశాను. నవ్వించేవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. జనం నవ్వుతుంటే ఎవరి సొమ్ముతో నవ్విస్తున్నామో చూసుకోము.

రెండోసారి అచ్చు వేసేటప్పుడు కథ మారుస్తానన్నాను.

"అయ్యో, ఆటో మీద పడటం తీసేస్తే ఎలాగండీ? అందరూ చెప్పుకునేదే అది కదా!" అంది పుస్తకం వేసినావిడ.

"ఆ ముడి జారదమ్మా. జారిందని రాస్తే అబద్ధం."

"రాక్షసి కథలో అబద్ధమేంటండీ?"

ఆమెకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. మారిస్తేనే అచ్చు, లేకపోతే వద్దన్నాను. కానీ ముడి జారకపోతే రాక్షసి పడదు, పడకపోతే కథ లేదు. వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి ముడి నిలిచింది, చంద్రుడే ఊడి వచ్చాడు. చౌరస్తాలో బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవర్ "గంత లగేజీ అయితె ఎక్కించుకోను" అన్నాడు. పాత నవ్వంత పెద్దది కాదు. పుస్తకం మొదట్లో, ఆ రాక్షసి నేను కాదని, మా యారాలని రాయించాను.

ఆ కాగితాలు తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "తాడు చంద్రునికి యాడ కట్టింది?" అంది.

"కొనకు."

"పున్నం చంద్రునికి కొన యాడుంటదే?"

ఆమె లేచి, కూతురి కుట్టుమిషన్ మీది దారం మూరెడు తెంపింది. వంటింట్లోంచి కొబ్బరికాయ తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

"గుండ్రంగున్నదానికి గిట్ల కట్టాలె. సూడు."

కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు జరిగాను. ముడి బిగించి, కాయను దారంతో ఎత్తి ఊపి చూపించింది. తర్వాత విప్పి నా చేతికిచ్చింది. నేను కట్టింది జారింది. మళ్లీ కట్టమంది.