మియజాకీ అంటే ఊరా, మనిషా

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం జూన్‌లో నేను సింగపూర్‌లోని ఒక వైద్య సహాయ సంస్థలో డ్యూటీ మేనేజర్‌గా ఉన్నాను. అంతకు ముందు పధ్నాలుగేళ్లు ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. పరాయి దేశంలో జబ్బుపడినవాళ్లను వాళ్ల సొంత ఊరి ఆసుపత్రికి చేర్చడం మా సంస్థ పని. ఈ పనిని మేము 'బెడ్ టు బెడ్' అంటాం. ఇక్కడి మంచం మీది నుంచి రోగిని ఎత్తినప్పుడు మా బాధ్యత మొదలవుతుంది. అక్కడి మంచం మీద పడుకోబెట్టి, అక్కడి నర్సు మా కాగితం మీద సంతకం చేసినప్పుడు ముగుస్తుంది.

ఒక్కో కేసు మీద నలుగురం పనిచేసేవాళ్లం. కోఆర్డినేటర్ ఫైలు తయారు చేస్తారు. డాక్టరు రోగి ప్రయాణానికి పనికొస్తాడని ధ్రువీకరిస్తారు. డ్యూటీ మేనేజర్ ఫైలంతా చదివి సంతకం పెడతారు. ఎస్కార్ట్ నర్సు రోగి వెంట వెళ్తుంది. డ్యూటీ మేనేజర్ సంతకం పడనిదే రోగి కదలడానికి వీల్లేదు. ఆ సంతకం ఉన్నది తప్పులు పట్టుకోవడానికే.

ఆ నెల వచ్చిన కేసు మియజాకీ అనే జపాను ఇంజినీరుది. వయసు అరవై ఒకటి. ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చి పక్షవాతంతో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. చెప్పింది చాలావరకు అర్థమయ్యేది, చెప్పదలచుకున్నది మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. రాయడానికి కుడి చెయ్యి లేదు, ఎడమ చేత్తో ప్రయత్నిస్తే అక్షరాలు కుదిరేవి కావు. మూడు వారాలు పక్కనే ఉన్న భార్య, అక్కడి ఏర్పాట్లు చూసుకోవడానికి రెండు రోజులు ముందుగా జపాను వెళ్లింది.

కోఆర్డినేటర్ ఫరీదా. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషి, నాకంటే జాగ్రత్తపరురాలు. ఆయన కంపెనీ టోక్యో ఆఫీసు నుంచి ఆమెకు వచ్చిన మెయిల్‌లో ఉన్నది మూడు వాక్యాలు. 'మియజాకీ తరలింపు. స్వీకరించేది: ఇషికావా, మునిసిపల్ ఆసుపత్రి, పక్షవాతం వార్డు. దగ్గరి విమానాశ్రయానికి ఏర్పాటు చేయగలరు.'

మా ఫారంలో 'స్వీకరించేది' అన్న మాట పక్కన ఉండే గడి డాక్టరు పేరుకు. ఇషికావా పేరుతో జపాను డాక్టర్లు మాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. అందుకని ఫరీదా ఆ గడిలో డాక్టర్ ఇషికావా అని నింపింది. ఊరి గడికి మిగిలింది 'మియజాకీ తరలింపు' అన్న మాట. వెతికితే జపానులో మియజాకీ అనే రాష్ట్రం ఉంది, నగరం ఉంది, విమానాశ్రయమూ ఉంది. టోక్యో దాకా అంతర్జాతీయ విమానం, అక్కడి నుంచి మియజాకీకి దేశీయ విమానం, దిగాక మునిసిపల్ ఆసుపత్రికి అంబులెన్సు, అన్నీ కుదిరాయి. అంబులెన్సువాళ్లకు కూడా అనుమానం రాలేదు. మునిసిపల్ ఆసుపత్రి లేని నగరం ఉండదు కదా.

చేర్చుకుంటామని ఆసుపత్రి పంపిన ఉత్తరం కూడా ఫైల్లో ఉంది. అది జపనీస్‌లో ఉంటే అనువాదం చేయించాం. అనువాదకుడు విషయం మాత్రమే అనువదించాడు. ఉత్తరం నెత్తిన ముద్రించిన చిరునామాను అనువదించమని మేము అడగలేదు.

నేను ఆ ఫైలు చదవడానికి ఎంతసేపు తీసుకున్నానని తరవాత విచారణలో అడిగారు. పదకొండు నిమిషాలు. మందుల మోతాదులు రెండుసార్లు చూశాను. ఆక్సిజన్ లెక్క చూశాను. విమానంలో స్ట్రెచర్ బిగించడానికి తొలగించే సీట్ల వరస చూశాను. రోగి పేరు మియజాకీ, గమ్యం మియజాకీ అని ఒకే కాగితం మీద చదివి, సంతకం పెట్టాను.

ఎస్కార్ట్‌గా వెళ్లింది జ్యోతి. టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి, సింగపూర్‌లోని యీషున్ ప్రాంతంలో భర్తతో ఉండేది. ఎనిమిదేళ్లు ఐసీయూలో చేసింది. ఉదయం ఎనిమిదింటికి విమానం ఎక్కింది. ఎక్కాక మెసేజ్ పెట్టింది: రోగి స్థిరంగా ఉన్నాడు, గమ్యం సరిచూశాను.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి నా ఫోను మోగింది. రోగి కూతురు. నెమ్మదిగా, ఒక్కో మాటా కూర్చుకుంటూ ఇంగ్లీషులో మాట్లాడింది. కొమాత్సులో నాన్న విమానం ఎన్నింటికి దిగుతుందని అడిగింది.

నేను కాగితం చూస్తూ, "కొమాత్సు కాదండీ, మియజాకీ. రాత్రి ఎనిమిదిన్నరకి," అన్నాను.

"మియజాకీ మా నాన్న పేరు," అంది ఆమె. "మేముండేది ఇషికావాలో. నేను, అమ్మ ఇప్పుడు అక్కడికి దగ్గరి కొమాత్సు విమానాశ్రయంలోనే ఉన్నాం."

చేతిలో కాగితం ఉంది. దాని మీద అక్షరాలు కనబడుతున్నాయి కానీ చదవడం చేతకాలేదు. ఇషికావా అన్న మాట డాక్టరు గడిలో ఉంది. అది డాక్టరు కాదు, రాష్ట్రం. ఆ సంగతి అర్థమవడానికి నాకు పట్టింది బహుశా అయిదు సెకన్లు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అంత పొడుగు అయిదు సెకన్లు నాకు మరి లేవు.

ఇలాంటప్పుడు కుటుంబానికి ఏదైనా ఒప్పుకునే ముందు పైవాళ్లకు చెప్పాలన్నది సంస్థ నియమం. ఆ నియమం నాకు గుర్తుంది. అయినా, "మేము తప్పు ఊరికి పంపించాం," అని చెప్పేశాను. "ఆయన ఇంకా గాల్లోనే ఉన్నారు. టోక్యోలో దిగగానే ఆపిస్తాను. మీరు ఫోను దగ్గరే ఉండండి."

ఫరీదా నా ముఖం చూసి లేచి వచ్చింది. కంప్యూటర్లో మ్యాపు తెరిచింది. మియజాకీ దక్షిణాన ఉన్న వేరే దీవిలో, దాదాపు చివర. ఇషికావా నడిమి దీవిలో, పడమటి తీరాన. ఫరీదా రెండు చుక్కల మధ్యా వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. "మేడమ్, నేమ్ అండ్ ప్లేస్ సేమ్, హౌ కెన్?" అని గొణిగింది.

హౌ కెన్, అంటే అదెలా కుదురుతుంది, అని అడిగే హక్కు ఆమెకుంది. నాకు లేదు. మా ఇంటిపేరు పాలకొల్లు. మా నాన్న పుట్టింది తునిలో, నేను పుట్టింది కాకినాడలో. పాలకొల్లు నేను బస్సులోంచి ఒకసారి చూశాను, అంతే. సింగపూర్‌కొచ్చిన కొత్తలో నా పాస్‌పోర్టు చూసి, సగం మంది తెలుగువాళ్లు 'మీది పాలకొల్లా' అని అడిగేవాళ్లు. కాదని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఊరి పేరు మనిషికి ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఆ ఊరివాడు కాడని నాకంటే బాగా ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. జపానులోనూ అంతే. చిబా, నగానో, యమగుచి అన్నీ రాష్ట్రాలే, అన్నీ ఇంటిపేర్లే. ఇది నేను ఆ సాయంత్రం తెలుసుకున్నాను.

విమానం దిగడానికి ఇంకా గంటా నలభై నిమిషాలు. గాల్లో ఉన్న జ్యోతికి ఫోను వెళ్లదు. విమాన సంస్థవాళ్ల టోక్యో సిబ్బందికి చెప్పి, తలుపు తెరవగానే నర్సు చేతికి కాగితం అందేలా చూశాం. దేశీయ విమానాల్లో స్ట్రెచర్‌కు రెండు మూడు రోజుల ముందే చెప్పాలి కాబట్టి కొమాత్సుకు ఆ రోజే పంపడం కుదరదు. మా డాక్టరు మాట్లాడి టోక్యోలో ఒక ఆసుపత్రిలో మంచం సంపాదించాడు. రెండు రోజులు అక్కడ ఉంచి, రోడ్డు మీద అంబులెన్సులో ఇషికావాకు చేర్చాలన్నది ఏర్పాటు. కూతురు ఒప్పుకుంది. తల్లిని తీసుకుని టోక్యో రైలెక్కింది.

మూడూ ఇరవై అయిదుకు జ్యోతి ఫోను చేసింది.

"సుగుణక్కా, తలుపు దగ్గర కాగితం ఇచ్చారు. మియజాకీ క్యాన్సిల్ అని ఉంది. ఏటయిందక్కా?"

జరిగింది చెప్పాను. వెనక విమానాశ్రయంలో ప్రకటనలు వినబడుతున్నాయి.

"అయితే ఆయన నాకు చెప్దామనే చూశాడక్కా," అంది.

ఎలా చెప్పబోయాడని అడిగాను. ఆమె వరసగా చెప్పింది. విమానం ఎక్కించగానే నియమం ప్రకారం ఆయన్ని 'మియజాకీ?' అని అడిగింది. తలూపాడు. 'వుయ్ గో మియజాకీ, ఓకే?' అంది. మళ్లీ తలూపాడు. గమ్యం సరిచూశానని మాకు మెసేజ్ పెట్టింది అప్పుడే. ఇంగ్లీషు ఆయనకు కొద్దిగానే వచ్చు. మియజాకీ గారూ, వెళ్దామా అని ఆమె అడుగుతోందనుకుని ఉంటాడు.

నాలుగు గంటల తరవాత జపాను ఎయిర్‌హోస్టెస్ ఒకామె మర్యాదగా వంగి, టోక్యోలో మిమ్మల్ని మియజాకీ వెళ్లే విమానంలోకి మారుస్తారని జపనీస్‌లో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమ చేత్తో ఆమె చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. విడిపిస్తే స్ట్రెచర్ కమ్మీ మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూ, ఆగకుండా కొట్టాడు. రక్తపోటు పెరిగింది. పక్షవాతం వచ్చినవాళ్లలో ఇలాంటి అలజడి మామూలే. అలాంటప్పుడు ఇవ్వడానికి డాక్టరు రాసిచ్చిన మత్తుమందు జ్యోతి దగ్గర ఉంది. కొలతలు తీసుకుని, సమయం రాసుకుని, నరానికి ఎక్కించింది. దిగేదాకా ఆయన నిద్రలోనే ఉన్నాడు.

"ఆయన వద్దు వద్దని మొత్తుకుంటా ఉంటే నేను పడుకోబెట్టేశానక్కా."

ఇరవయ్యేళ్లలో నేను మరణాలు చూశాను, విమానంలో గుండె ఆగిన రోగిని చూశాను. ఈ మాటకు తగిలినంత దెబ్బ వాటిలో దేనికీ తగల్లేదు. ఆ విమానంలో తప్పు తెలిసినవాడు ఒక్కడే. అతణ్ణి మా విధానం ప్రకారమే, ఏ నియమమూ తప్పకుండా నిద్రపుచ్చాం.

నేను జ్యోతితో ఇంతే చెప్పాను: "మొత్తం రిపోర్టులో రాయి. చొక్కా పట్టుకున్నది, కమ్మీ మీద కొట్టింది, నువ్వు మందిచ్చింది, ఏదీ వదలకు."

"రాస్తే నా లైసెన్సు..."

"ఫైలు మీద సంతకం నాది. నువ్వు రాయి."

టోక్యోలో ఆయన మెలకువలోకి వచ్చాక గ్రౌండ్ సిబ్బందిలో ఒకామె చెవి దగ్గర ఇషికావా అని చెప్పిందట. ఆయన ఆమె ముఖం చూసి, తరవాత జ్యోతి ముఖం చూసి, కళ్లు మూసుకున్నాడట.

అక్కడితో అయిపోలేదు. మర్నాటికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. మింగడం సరిగా రాని మనిషి మత్తులో వెల్లకిలా పడుకున్నప్పుడు ఉమ్మి లోపలికి పోయి ఉండవచ్చు, పోకపోయీ ఉండవచ్చు, ఖాయంగా చెప్పలేమన్నారు అక్కడి డాక్టర్లు. రెండు రోజులనుకున్నది తొమ్మిది రోజులైంది. అందులో రెండు రోజులు ఆయన బతుకుతాడని ఎవరూ మాకు చెప్పలేదు. పదో రోజున అంబులెన్సులో ఇషికావా చేరాడు. అక్కడి నర్సు సంతకం చేసిన కాగితం స్కాన్ చేసి పంపితే, ఫరీదా ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

విమానంలో ఏం జరిగిందో పూర్తి రికార్డు కావాలని కూతురు అడిగింది. సారాంశం పంపితే చాలని సంస్థ లాయర్లు సలహా ఇచ్చారు. పూర్తిగా పంపకపోతే నేను రాజీనామా చేసి నా జ్ఞాపకంలో ఉన్నది రాసి పంపుతానని చెప్పాను. అది బెదిరింపే, కాదనను. జ్యోతి రాసిన నాలుగు పేజీలూ వెళ్లాయి. విచారణలో జ్యోతి తప్పేమీ లేదని తేలింది. అయినా మూడు నెలలు ఎస్కార్ట్‌గా వెళ్లనంది. నాకు రాతపూర్వక హెచ్చరిక వచ్చింది. ఫరీదాకు కూడా ఇవ్వబోతే, రెండో తనిఖీ ఉన్నదెందుకని అడిగి ఆపించాను.

ఆరు నెలల తరవాత కూతురి నుంచి చిన్న మెయిల్ వచ్చింది. నాన్న కర్రతో నడుస్తున్నాడు, కొన్ని మాటలు వస్తున్నాయి. ఆ నాలుగు పేజీలూ ఆయనకు చదివి వినిపించారు. నర్సు మీద ఆయనకు కోపం లేదు, ఆమెకు ఆ సంగతి తెలియజేయమన్నారు. సంతకం పెట్టినవారి మీద ఉంది, అదీ తెలియజేయమన్నారు. జ్యోతికి మొదటి సంగతి ఫోను చేసి చెప్పాను. రెండోది సరైన చోటికే చేరింది.

నేను పదవీ విరమణ చేసేలోపు ఫారం మార్పించాను. స్వీకరించే మనిషికీ, ఊరికీ వేరు వేరు పేజీలు పెట్టాం. ఆసుపత్రి చిరునామాను మూల లిపిలోనే అతికించి, పక్కన అనువాదం రాయాలి. ఇంటివాళ్లలో ఒకరు ఊరి పేరు తమ నోటితో చెప్పాలి. మేము చెప్పి ఔనా అని అడగకూడదు. మాట రాని రోగికి మూడు ఊళ్ల పేర్లు ఆయన లిపిలో రాసి చూపించి, వేలు పెట్టమనాలి. రోగి అలజడి పడితే, మత్తుమందు ఇచ్చే ముందు ఆ అలజడికి ముందు ఆయనతో ఎవరు ఏం చెప్పారో రాయాలి.

ఔను అన్న జవాబు ముందే లోపల ఉన్న ప్రశ్న వేస్తే అది తనిఖీ కాదు. నేను ఈ పని నేర్చుకోవలసిన మొదటి సంవత్సరంలో కాక, చివరి సంవత్సరాల్లో నేర్చుకున్న విషయం ఇది. దాని ఖర్చు వేరే మనిషి భరించాడు.