సార్ గొంతుతో వచ్చిన ఫోన్

బోధన్‌లో మాకు కంప్యూటర్ నేర్పిన సార్ పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని తోటి విద్యార్థులు నన్నే అడిగారు. రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా రాస్తున్నాను.

సార్ ఇన్‌స్టిట్యూట్ అంటే బస్టాండ్ వెనక మేడమీది రెండు గదులు. చెప్పులు బయటే విడవాలి. కరెంటు పోయినా పాఠం ఆగేది కాదు, కీబోర్డు ఉందనుకుని బల్లమీద వేళ్ళు ఆడించమనేవారు. మాకు అర్థం కాకపోతే తనమీదే విసుక్కునేవారు. "మీకు సమజ్ గాలేదంటే నేనే సక్కగ చెప్పలేదన్నట్టు. మల్ల మొదట్నుంచి చెప్త, ఆగుండ్రి" అని సుద్దముక్క అందుకునేవారు. చెరుకు కొట్టే రోజుల్లో పొలానికి పోయి క్లాసుకు రాని వాళ్ళ కోసం సాయంత్రం అదే పాఠం మళ్ళీ చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఇవాళ నిజామాబాద్‌లో పసుపు దుకాణాలకూ రైసు మిల్లులకూ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు.

నేను మాత్రం అమ్మేవాణ్ణయ్యాను. మా కంపెనీ క్లౌడ్ సేవలు అమ్ముతుంది. సర్వర్లు సొంతంగా కొనుక్కోకుండా, ఎక్కడో ఉన్న మా పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో అద్దెకు వాడుకోవడమన్నమాట. చిన్న ఊళ్ళలోని సాఫ్ట్‌వేర్ వాళ్ళను ఒప్పించడం నా పని. నా మాట ఎవరూ నమ్మరు, సార్ మాట ఎవరూ కాదనరు. అందుకే నిజామాబాద్‌లో మీటింగు పెట్టుకున్నప్పుడు సార్ గొంతుతో పిలుపు రికార్డు చేయించాను.

నేను రాసిచ్చిన కాగితం ఆయన పక్కన పెట్టేశారు. "నీ కంపెనీ ముచ్చట నాకెందుకు బిడ్డా? పోరగాండ్లను రమ్మని పిలుస్త, గంతే" అన్నారు. ఫోన్ దగ్గరికి జరిగి, "నమస్తే, నేను సార్‌ను మాట్లాడుతున్న. ఆదివారం మీటింగుకు నేనొస్తున్న. మీరు గూడ రాండ్రి, అందర్ని సూసినట్టయితది" అన్నారు. మా ఆఫీసువాళ్ళు మురిసిపోయారు. మీటింగుకు మూడు రోజుల ముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళందరి ఫోన్లకూ దానంతటదే వెళ్ళేలా పెట్టేశాను.

ఈలోపే సార్ పోయారు. ఏడ్చాను, పాడె మోశాను. ఆ పిలుపు ఆపాలని మాత్రం తట్టలేదు.

మూడో దినం కందకుర్తి దగ్గర గోదావరిలో అస్థికలు కలిపాం. ఒడ్డున మోదుగాకుల ఇస్తారిలో అన్నం, ఆయనకు ఇష్టమైన మక్క గారెలు పెట్టి దూరం జరిగి నిలబడ్డాం. కాకి ముడితే పోయినవాళ్ళ మనసు తృప్తిపడ్డట్టు. చాలాసేపటికి ఒక కాకి దిగింది. గెంతుకుంటూ ఇస్తారి దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడు శిష్యులందరి జేబుల్లో ఫోన్లు ఒక్కసారే మోగాయి. కాకి ఎగిరిపోయింది. కంగారులో ఎవరో ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కినట్టుంది, "నేనొస్తున్న, మీరు గూడ రాండ్రి" అని సార్ గొంతు ఒడ్డంతా వినిపించింది.

సార్ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "ఏం పనిరా ఇది? సచ్చిపోయినోన్ని గూడ ఇడిసిపెట్టరా మీరు?" అన్నాడు. ఫోన్ తీసి, ఇంకెవరికీ పోకుండా ఆ పిలుపు రద్దు చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె మెల్లగా నావైపు వస్తుంటే కాళ్ళమీద పడదామనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆమె కొంగుముడి విప్పి చిన్న ఫోన్ తీసింది. "అందరికి వచ్చింది గద బిడ్డా. నాకెందుకు రాలే?" అని అడిగింది.

మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళ నంబర్లే ఎక్కించామని ఆమెకు ఏ నోటితో చెప్పను?

"జరసేపు సూస్త. వస్తదేమో" అన్నది.

కాకి మళ్ళీ దిగింది. ఊపిరి బిగబట్టి అందరూ ఇస్తారి వైపు తిరిగారు. ఆమె ఒక్కతే అటు చూడలేదు. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది.